ల్యాబ్‌లో నన్ను ఎక్కించిన రోజు

నేను ఒక మాడ్యూల్‌ని. కంప్యూటరు భాషకు పక్కన తగిలించుకునే అదనపు ముక్కని. మిరపకాయ ఫొటో చూపిస్తే మేలుకాయో తాలుకాయో చెబుతాను, నాకొచ్చిన విద్య అదొక్కటే. నన్ను రాసిన మహానుభావుడు ఉచితంగా నెట్‌లో పడేసి, ఉద్యోగం రాగానే నా మొహం చూడటం మానేశాడు. భాషేమో ఏటేటా కొత్తదైంది, నేను పాతదాన్నైపోయాను. దిక్కులేని బతుకు!

అలాంటి నన్ను గుంటూరు దగ్గర పాలిటెక్నిక్‌లో చదివే సువార్త ఏరికోరి తెచ్చుకుంది. ఆమె ప్రాజెక్టంతా నా మీదే నిలబడింది. అది పాసైతేనే హైదరాబాదులో ఉద్యోగమని కంపెనీవాళ్ళు ఖరాఖండిగా చెప్పారు.

ప్రాజెక్టు ఆడించి చూపించాల్సిన కాలేజీ ల్యాబ్‌లో ఒక తిరకాసుంది. కుర్రాళ్ళు ఆటలు ఎక్కిస్తున్నారని, మిషన్ ఆపితే కొత్తగా చేరిందంతా తుడిచిపెట్టుకుపోయేలా ఏర్పాటు చేశారు. అందుకే సువార్త పరీక్షనాటి పొద్దున్నే వచ్చి కూర్చుంది. నన్ను ఎక్కించడం మాటలా? అక్కడి కొత్త భాష నన్ను గడప తొక్కనివ్వలేదు. పాతది వెతికి తెచ్చింది. తోడు ముక్కలు కావాలని పేచీ పెట్టాను, పాపం అవీ తెచ్చింది. చివరికి ఎక్కాను. "హమ్మయ్య, ప్రభువా, నీకు స్తోత్రం" అని కళ్ళు తుడుచుకుంది. తెరకు 'ఆపవద్దు' అని కాగితం అంటించి, చెప్పాల్సింది వల్లె వేసుకోవడానికి వరండాలోకి వెళ్ళింది.

అప్పుడొచ్చింది హెచ్‌ఓడీ శాంతకుమారి మేడమ్. "మార్కులేయడానికి ఎక్స్‌టర్నల్ సారొస్తన్నారు. అన్నీ ఆపి శుభ్రంగా తుడువు ఏడుకొండలూ. మిషన్లకి బొట్లు పెట్టి కొబ్బరికాయ కొడదాం, పిల్లలకి మంచి జరగాల" అంది అటెండరుతో. ఆ తల్లి మనసు మంచిదే. బొట్టుకు అడ్డమని కాగితం పీకేశారు, మిషన్ ఆపేశారు. నేను గోవిందా!

కాపీ కొడతారని పరీక్షవేళ నెట్ కట్టేయడం అక్కడి ఆనవాయితీ. మళ్ళీ నన్ను తెచ్చుకునే దారే లేదు. తర్వాతి సంగతి ఏడుకొండలు చెబుతుంటే విన్నాను.

"పొద్దున ఆడింది సార్! ఒట్టు సార్!" అందట సువార్త.

"అందరూ ఇదే చెబుతారమ్మా. ఆడించి చూపించు, మార్కులేస్తా."

ఏం చూపిస్తుంది, నా బొంద! తప్పు తనదేనని మేడమ్ నోరు తెరవబోయింది గాని, సారు అప్పటికే తర్వాతి పేరు పిలిచాడు. సువార్త ఫెయిలైంది.

సాయంత్రం నెట్ వచ్చింది. సువార్త మళ్ళీ కూర్చుని నన్ను ఎక్కించింది. ఈసారి దారి తెలుసుగా, ఇట్టే ఎక్కాను. "ఇంకెందుకమ్మా, ఇంటికి పోరాదూ" అంటూ జరిగిందంతా చెప్పుకుని బాధపడుతున్నాడు ఏడుకొండలు. ఆమె ఒక ఫొటో చూపించింది. తాలు అన్నాను. సరిగ్గానే చెప్పాను.

"చూశావా బాబాయ్, పనిచేస్తంది" అంది.

"అవునమ్మా."

సువార్త లేచి, తన చేత్తోనే మిషన్ ఆపేసింది.