రెడ్డెప్ప లీగు పదకొండు రూల్సు

ప్రేమానందం ఆరడుగుల మూడంగుళాల మనిషి. మదనపల్లె మిషన్ కాంపౌండులో పుట్టి, అక్కడి సిమెంటు కోర్టు మీదే బాస్కెట్‌బాల్ నేర్చుకుని, ఒక ఆస్పత్రి ఎక్స్‌రే గదిలో అటెండరుగా చేరాడు. బస్సెక్కితే మెడ వంచాలి, పెళ్ళికి పోతే ఫోటోలో తల రాదు. అతని అక్క ప్రిస్కిల్లా అదే ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. తమ్ముడి మోచేతి దాకా వస్తుంది. అయితే ఇంట్లో ఎవరైనా ఎవరికైనా భయపడేది ఉంటే, అది ప్రేమానందమే అక్కకు.

2004లో టమాటా మండీ రెడ్డెప్ప లీగు పెట్టాడు. ఆయనకు మదనపల్లెలో మండీ, కుప్పం పక్కన గ్రానైటు క్వారీ, పుంగనూరులో కల్యాణమండపం ఉన్నాయి. బెంగళూరులో ఎవరో పిలిస్తే ఒక బాస్కెట్‌బాల్ మ్యాచికి పోయాడు. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, జనం టికెట్టు కొనుక్కుని వచ్చి కూర్చోవడం మాత్రం బాగా అర్థమైంది. వచ్చీ రాగానే మూడు ఊళ్ళకు మూడు జట్లు పెట్టాడు. మదనపల్లె జట్టుకు తనే ఓనరు, పుంగనూరు జట్టుకు బావమరిది, కుప్పం జట్టుకు వియ్యంకుడు. ఎవరు గెలిచినా కప్పు చుట్టాల ఇళ్ళలోనే తిరుగుతుంది.

ఆటగాళ్ళు ముప్పై మంది. వాళ్ళలో ఇరవై మందికి పైగా కాంపౌండు పిల్లలు, పేటల పిల్లలు. వాళ్ళ కులం పేరు ఊళ్ళో ఎవరూ పైకి అనరు, కాఫీ గ్లాసు అందించేటప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తుంది. కోర్టులో చెమటలు కక్కేది వీళ్ళయితే, ముందు వరస కుర్చీల్లో విసనకర్రలు ఊపుకునేది రెడ్డెప్ప చుట్టాలు. నెలనెలా జీతమిస్తామనేసరికి అందరూ స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టేశారు. చదివిన మగాడు లేడు. ప్రేమానందమూ చదవలేదు. ఎక్స్‌రే ఫిల్ము తప్ప ఇంకే కాగితాన్నీ వెలుతురుకు పెట్టి చూసే అలవాటు అతనికి లేదు.

మొదటి సీజను అదిరిపోయింది. ప్రేమానందం రింగు పట్టుకుని వేలాడితే, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన ఆడవాళ్ళు కూడా ఈలలు వేశారు. తెల్లవారుజామున కేబుల్ టీవీలో అమెరికా మ్యాచులు చూసి చూసి, అక్కడి నల్ల ఆటగాళ్ళ మాదిరి అతను జుట్టు పెంచాడు, బెంగళూరు పోయి ఎడమ చెవికి రాయి పోగు కుట్టించుకున్నాడు, మోకాళ్ళ కిందికి జారే నిక్కర్లు వేశాడు. నెల తిరిగేసరికి కాంపౌండులో సగం చెవులకు చిల్లులు పడ్డాయి.

2005 చివర్లో ఇంగ్లీషు పేపర్లో ఒక వార్త వచ్చింది. అమెరికా లీగువాళ్ళు ఆటగాళ్ళ బట్టలకు రూలు పెట్టారట. మ్యాచికి వచ్చేటప్పుడు గొలుసులు, టోపీలు, ఇష్టమొచ్చిన బట్టలు కుదరవట. లీగు సెక్రటరీ గోవిందస్వామి దాన్ని మండీలో తెలుగు చేసి వినిపించాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టరు. ముప్పై ఏళ్ళు పిల్లల చొక్కాలు లోపలికి దోపించిన మనిషి. రెడ్డెప్పకు ప్రాణం లేచొచ్చింది. అమెరికావాళ్ళే పెట్టినాక మనం పెట్టకపోతే ఎట్లా అన్నాడు. పేటల పిల్లోళ్ళు రౌడీల్లా కనబడితే ఫ్యామిలీలు రావని ఆయన బావమరిది కూడా తల ఊపాడు. ఫ్యామిలీలు వస్తున్నదే వాళ్ళను చూడ్డానికని ఎవరికీ తోచలేదు.

సాయంత్రానికి గోవిందస్వామి పదకొండు రూల్సు టైపు చేసేశాడు. ఫుల్ ప్యాంటు, ఇన్‌షర్టు, బెల్టు, నల్ల బూట్లు. జుట్టు కాలరు తాకకూడదు. చెవిపోగులు, బయటికి వేలాడే గొలుసులు బంద్. పేపరోళ్ళతో మాట్లాడకూడదు. అతిథుల కుర్చీల్లో కూర్చోకూడదు.

రూల్సు పంచిన రోజు ప్రేమానందం కాగితం కన్నా రెడ్డెప్ప చెవుల్ని ఎక్కువసేపు చూశాడు. రెండింటికీ ఎర్రరాళ్ళ పోగులు ధగధగలాడుతున్నాయి. పక్కనే ఆయన అన్న కొడుకు లోకేష్, మదనపల్లె జట్టు కెప్టెను, అతనికీ ఉన్నాయి. వీటి సంగతేమని ప్రేమానందం మర్యాదగానే అడిగాడు. అవి చిన్నప్పుడు దేవుడి ముందర కుట్టించినవని రెడ్డెప్ప చెప్పాడు. గోవిందస్వామి వెంటనే పెన్ను తీసి, ‘ఆచారం ప్రకారం కుట్టించుకున్నవి తప్ప’ అని అంచులో చేర్చాడు.

ప్రేమానందం పోగు తీసేశాడు. జుట్టు కాలరు దాకా ఎందుకని, పోయి నున్నగా గుండు కొట్టించుకుని వచ్చాడు.

“తిరపతికి పోయొచ్చినావా ఏంది?” అని ఆశ్చర్యపోయాడు రెడ్డెప్ప.

“లేదప్పా. మీ రూలుకు పోయొచ్చినా.”

అందరూ నవ్వారు, రెడ్డెప్ప కూడా నవ్వాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పై ఆదివారం మ్యాచయ్యాక ఒక పేపరు విలేకరి గుండు గురించి అడిగితే, ‘మా చైర్మన్ చెవికుంటే ఆచారం, మా చెవికుంటే రౌడీతనం’ అనేశాడు ప్రేమానందం. జిల్లా పేజీలో, గుండు ఫోటోతో సహా అచ్చయింది.

మూడో రోజు లీగు నుంచి కాగితం వచ్చింది. ఇకమీదట అతను మదనపల్లె జట్టు వదిలి కుప్పం జట్టుకు ఆడాలి, శని ఆదివారాలు అక్కడే ప్రాక్టీసు. కుప్పం అంటే పుంగనూరు, పలమనేరు దాటి బస్సులో సగం రోజు. అతను మండీకి పరిగెత్తాడు. రెడ్డెప్ప టమాటా పెట్టెల మధ్య కుర్చీ వేసుకుని ఉన్నాడు. లోకేష్ పక్కన నిలబడి ఉన్నాడు. శనివారం ఆస్పత్రిలో డ్యూటీ ఉంటుందని, తనను ఒక మాట అడిగి ఉండాల్సిందని ప్రేమానందం చెప్పాడు.

రెడ్డెప్పకు కోపం రాలేదు. ప్రేమగానే నవ్వాడు. “నిన్ను యాల అడగాల ప్రేమా? బాండు రాసిచ్చినావు, నువ్వు లీగు సొత్తు. ఈ లారీలోంచి ఆ లారీలోకి ఎక్కించేటప్పుడు టమాటాని అడుగుతామా?”

తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేవాడు. ఆ నవ్వుకు ప్రేమానందం చెవులు వేడెక్కాయి. ఆరడుగుల మనిషి ఆ పెట్టెల మధ్య తనకు తానే పొట్టిగా అనిపించాడు. లోకేష్ గేటు దాకా వెంట వచ్చి, చిన్నాయన మనసులో చెడ్డేమీ లేదని గొణిగాడు.

“మనసులో లేదు లోకేషా,” అన్నాడు ప్రేమానందం. “బాండులో ఉండాది.”

ఆ సాయంత్రం ప్రిస్కిల్లా బాండూ రూల్సూ రెండూ ముందరేసుకుని, మందుల చీటీ చదివినట్టు అక్షరం అక్షరం చదివింది. బాండులో సందు లేదు. మూడేళ్ళు అతను ఎక్కడ ఆడాలో లీగే చెబుతుంది, ఆడనంటే ఇంకెక్కడా ఆడకూడదు. అమెరికాలో కూడా ఇంతేనేమో అన్నాడు ప్రేమానందం నీరసంగా.

“ఆడ తోలు సూసి రూలు పెడ్తారు, ఈడ పేట సూసి పెడ్తారు,” అంది ప్రిస్కిల్లా. “అయితే ఆడ లాయర్లు రాసుంటారు. ఈడ రాసింది డ్రిల్లు మాస్టరు. ఇది సూడు.”

మొదటి రూలు మీద వేలు పెట్టింది. మైదానంలో అడుగు పెట్టింది మొదలు బయటికి పోయేదాకా ప్రతి ఆటగాడూ ఫుల్ ప్యాంటు, ఇన్‌షర్టు, బెల్టు, నల్ల బూట్లతోనే ఉండవలెను. ఆడేటప్పుడు తప్ప అన్న మాట ఎక్కడా లేదు.

ప్రేమానందానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వు వచ్చింది, వెనకే భయమూ వచ్చింది. జీతం మీద ఇల్లు నడుపుకునే పిల్లలున్నారు. ఒక్కొక్కరి ఇంటికీ పోయి చెప్పాడు, కుప్పంలోనూ చెప్పాడు. వద్దనేవాళ్ళు వద్దనవచ్చు, నిష్ఠూరం లేదన్నాడు. ఎవరూ వద్దనలేదు. లోకేష్‌కూ దాచకుండా చెప్పాడు, ఎంతయినా కెప్టెను కదా. లోకేష్ ఊ అనలేదు, ఊహూ అనలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం పుంగనూరులో ఫైనలు. మదనపల్లెకూ కుప్పానికీ. ముందు వరసలో రెడ్డెప్ప చుట్టాలు, ముఖ్య అతిథిగా ఒక సర్కిల్ ఇన్‌స్పెక్టరు. విజిలు వేయగానే రెండు జట్లూ కోర్టులోకి వచ్చాయి. ఇస్త్రీ ప్యాంట్లు, లోపలికి దోపిన తెల్ల చొక్కాలు, నల్ల బూట్లు. ఒకడు బ్యాండుమేళం వాళ్ళ కోటు కూడా తగిలించుకున్నాడు. వీపుల మీద ప్రిస్కిల్లా పిన్నీసులతో గుచ్చిన నంబర్లు. పెళ్ళికొడుకుల సంతలాగా ఉంది. లోకేష్ ఒక్కడే నిక్కరుతో నిలబడ్డాడు, తప్పు ముహూర్తానికి వచ్చినవాడిలా. జనం గోల చేశారు. అతను చిన్నాయన వైపు చూడకుండా లోపలికి పోయి, ప్యాంటు తొడుక్కుని, చొక్కా దోపుకుంటూ బయటికొచ్చాడు. అంత పెద్ద చప్పట్లు అతనికి జీవితంలో ఎప్పుడూ పడలేదు.

తిరుపతి నుంచి వచ్చిన రిఫరీ లీగు రూల్సు రెండుసార్లు చదువుకుని, భుజాలెగరేసి, బంతి పైకి విసిరాడు. ఆపైన జరిగింది ఆట అనలేం. నల్ల బూట్లు సిమెంటు మీద సర్రుమని జారాయి. ఎగిరినవాడి చొక్కా బయటికొస్తే, వాడు బంతి వదిలేసి, ఆగి, జాగ్రత్తగా దోపుకుని మళ్ళీ పరిగెత్తాడు. పది నిమిషాలకు స్కోరు నాలుగు, రెండు. ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఫ్యామిలీలు పడీపడీ నవ్వుతున్నాయి.

రెడ్డెప్ప లేచి కోర్టు మధ్యకు వచ్చాడు. మొహం ఆయన మండీ సరుకు రంగుకు తిరిగింది. “రూలు ఎత్తేస్తాండా. నిక్కర్లేసుకుని తగలడండిరా.”

“నోటి మాట సాలదప్పా,” అన్నాడు ప్రేమానందం. “రాసియ్యాల. ఆటగాడి సంతకం లేకుండా జట్టు మార్చకూడదని కూడా రాయల్ల. మమ్మల్ని అడగల్ల.”

రెడ్డెప్ప చుట్టూ చూశాడు. ఆడేవాళ్ళు ఇరవై మందీ చేతులు కట్టుకుని, డ్రిల్లు క్లాసులో మాదిరి వరసగా నిలబడ్డారు. వరస చివర్లో లోకేష్. గోవిందస్వామి ఆహ్వానపత్రిక వెనక రెండు వాక్యాలు రాసి ఇచ్చాడు. రెడ్డెప్ప చదవకుండా సంతకం పెట్టాడు.

ఆ తర్వాత నిక్కర్లు వేసుకుని అసలు ఆట ఆడారు. ప్రేమానందం కుప్పం తరపున ముప్పై ఒక్క పాయింట్లు కొట్టి సొంత ఊరినే ఓడించాడు. దానికి లోకేష్ రెండు వారాలు అలిగాడు.

అయితే రెడ్డెప్ప మండీ నడిపే మనిషి. మరుసటి ఏడు బాండ్లు ఏడాదికి కుదించి, నడవడిక బాగున్నవాళ్ళనే పిలుస్తామన్నాడు. ప్రేమానందానికి పిలుపు రాలేదు. అతను లేకుండా ఆడనని లోకేష్ పది రోజులు బిగుసుకుని, పదకొండో రోజు సంతకం పెట్టాడు. కాంపౌండు పిల్లలు పద్నాలుగు మంది మాత్రం పెట్టలేదు. ఈలలు వేసే ఆడవాళ్ళు రావడం మానేశారు. 2007కల్లా రెడ్డెప్ప మనసు క్రికెట్టు మీదికి పోయింది, లీగు మూతబడింది.

పిలుపు రాలేదన్న బాధ ప్రేమానందానికి చాలా నెలలుంది. కోర్టు పక్కనుంచి పోకుండా చుట్టు తిరిగి డ్యూటీకి పోయేవాడు. ప్రిస్కిల్లా చూసి చూసి, ఒకరోజు నర్సింగు చదివే ఆడపిల్లల్ని పన్నెండు మందిని తీసుకొచ్చి, వీళ్ళకు నేర్పు అని చెప్పి తన డ్యూటీకి తను పోయింది. మొదటి నెలంతా బంతి తప్ప అన్నీ పట్టుకున్నారు. రెండో ఏడు అనంతపురంలో సెమీఫైనలు ఆడారు.

2008 వేసవిలో ఒక సాయంత్రం లోకేష్ కోర్టు గేటు దగ్గర బండి ఆపాడు. పొట్ట వచ్చింది. చాలాసేపు బయటే నిలబడి చూసి, చివరికి లోపలికి వచ్చి, ఒక ఆట ఆడవచ్చునా అని అడిగాడు. ఆ రోజు సంతకం పెట్టకుండా ఉండాల్సిందని కూడా అన్నాడు, బూట్ల తాళ్ళు బిగించుకుంటూ, తల ఎత్తకుండా.

ప్రేమానందం బంతి అతని వైపు విసిరాడు.

“ఆ పొడుగు పిల్ల దగ్గర పైలంప్పా,” అన్నాడు. “మోచేత్తో పొడుస్తాది.”