గండికి పోయిన ఇల్లు

పాత ఇల్లు కూలగొట్టడానికి అందరూ ఒప్పుకున్నారు. కొత్తది లేచేదాకా ఎక్కడుండాలన్న దగ్గరే ఎవరి దారి వాళ్ళదయింది.

రాజశేఖర్ పులివెందులకు పోయి ఒక బాడుగిల్లు చూసొచ్చాడు. కింది వాటా, పైన ఇంటివాళ్ళు. ఆ మాట వినగానే వాళ్ళమ్మ నాగేంద్రమ్మ తమలపాకుకు సున్నం రాయడం ఆపింది.

"నెత్తిమీద ఎవురో తిరుగుతాంటే నాకు ముద్ద దిగదు నాయనా. మీరు పోండి. నేను కమ్మీల కాడ గోనెపట్ట పరుసుకోని పండుకుంటా" అంది.

పెంకితనమే అయినా అందులో న్యాయం లేకపోలేదు. కొత్త ఇంటికి తెచ్చిన ఇనప కమ్మీలకు, సిమెంటుకు కాపలా ఉండాలి. ఇంటి వెనకే అరటితోట, కరెంటు వచ్చినప్పుడల్లా మోటరు వేయాలి. పల్లె వదిలిపోతే జరగదు. అయితే రేకుల షెడ్డు వేస్తానన్నాడు రాజశేఖర్.

"ఎండాకాలం రేకుల కిందనా? మనం మనుసులం అనుకుంటాండావా, వడియాలు అనుకుంటాండావా?" అని అడిగింది అతని భార్య రాధిక.

రాధిక అంత గట్టిగా మాట్లాడటం ఆ ఇంట్లో కొత్త. కూతురు అర్చన మూడో తరగతికి వచ్చింది గానీ, ఇన్నేళ్ళలో ఆ ఇంటి గోడలకు రాధిక కొట్టిన మేకు ఒక్కటీ లేదు. నాగేంద్రమ్మ చెడ్డ అత్త కాదు. ఉప్పు డబ్బా ఏ గూట్లో ఉండాలో ఆమెకు ముందే తెలిసి ఉంటుంది, అంతే. రాధిక దాన్ని పక్క గూట్లో పెడితే, సాయంత్రానికి అది ఏమీ మాట్లాడకుండా పాత గూటికే చేరేది.

ఆ వారంలోనే రాధిక వాళ్ళ చిన్నాన్న కూతురి సీమంతానికి జమ్మలమడుగు పోయింది. ఎటూ అంత దూరం పోయింది కదా అని చిన్ననాటి స్నేహితురాలు స్వర్ణలతను చూడబోయింది. స్వర్ణలత పెరట్లో, వేపచెట్టు కింద, తెల్లగా గుండ్రటి మూలలతో ఒక పెద్ద డబ్బా నిలబడి ఉంది. రెండు చక్రాలు. అద్దాల కిటికీలు. కిటికీలోంచి ఒక కోడిపుంజు తల బయటపెట్టి రాధికను ఎగాదిగా చూసింది.

"ఏందే ఇది?"

"గండికోట చూడొచ్చేటోల్లను దీంట్లో పండబెడతానని బెంగళూరు పిల్లోడొకడు తెచ్చినాడు. కారుకు తగిలిచ్చుకోని లాక్కపోయేది. బేరం లేక మా దొడ్లో పెట్టిపోయినాడు. నువ్వే పెట్టుకో అక్కా అన్నాడు. నేనేం జేసుకుందు? కోళ్ళను తోల్నా."

రాధిక చెంగు నడుముకు దోపుకుని లోపలికెక్కింది. కోళ్ళ కంపు ముక్కు పగలగొట్టింది. అయినా ఆ కంపు వెనక ఆమెకు రెండు మంచాలు కనబడ్డాయి, ఒక బల్ల కనబడింది, చారెడంత తొట్టి, దాని మీద ఒక కుళాయి కనబడ్డాయి. అన్నిటికన్నా ముందు ఒక కిటికీ కనబడింది. దాని కింద పొయ్యి పెడితే, వంట చేస్తూ అరటితోట చూడొచ్చు. కిందికి దిగేసరికి ఆమె చీర నిండా ఈకలు, మొహం నిండా నవ్వు.

"స్వర్ణా, నీ కోళ్ళకు మంచి గూడు కట్టిస్తా. ఇది నాకియ్యి."

స్వర్ణలత ముక్కున వేలేసుకుంది. గూడుతోపాటు పండగ పండగకూ ఒక అరటిగెల అని బేరం కుదిరింది. కోళ్ళకు మాత్రం అది ఇష్టమున్నట్టు లేదు. వాటిని బయటికి తోలేసరికి పొద్దెక్కింది.

రాధిక ఫోను చేస్తే రాజశేఖర్ ట్రాక్టరేసుకుని వచ్చాడు. డబ్బా చుట్టూ ఒకసారి తిరిగాడు, టైర్లను తన్ని చూశాడు. "ఇల్లంటే పునాది ఉండాల గానీ టైర్లు ఉంటాయా?" అన్నాడు. కానీ తగిలించేటప్పుడు అతని చేతుల్లో కూడా చిన్నపిల్లాడి హుషారు వచ్చేసింది. రాధిక అది చూసింది, చూడనట్టు ఊరుకుంది.

ప్రొద్దుటూరు దారంతా జాతరే. మోటారుసైకిళ్ళవాళ్ళు పక్కనే నడుపుతూ కిటికీల్లోకి తొంగిచూశారు. సినిమా తీస్తున్నారా అని ఒకడు, ఎన్నికలు ముందుకొచ్చినాయా అని ఒకడు. టీ కొట్టు దగ్గర ఆపి, టీలు తాగి వచ్చేసరికి లోపల ఒక ముసలామె మంచమ్మీద కూర్చుని, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఆమె వెనక మెట్టు దగ్గర ఇంకో ఇద్దరు.

"కుడికన్ను శానా మసకగా ఉంది తల్లీ. ముందు అది సూడు" అంది ముసలామె.

"అవ్వా, ఇది కండ్లాసుపత్రి కాదు. మా ఇల్లు."

ముసలామె అద్దాలు పెట్టుకుని నాలుగు వైపులా చూసింది. రాధికను చూసి నిట్టూర్చింది. "ఇంత కష్టం యాడొచ్చిందమ్మా మీకు" అని చెంగు ముడి విప్పి, రెండు పిప్పరమెంటు బిళ్ళలు చేతిలో పెట్టి దిగిపోయింది. రాధిక ట్రాక్టర్ బురదరేకు మీద కూర్చుని, ఒక బిళ్ళ మొగుడికిచ్చి, ఒకటి తాను చప్పరిస్తూ ప్రొద్దుటూరు చేరేదాకా నవ్వుతూనే ఉంది.

ప్రొద్దుటూరులో అబ్దుల్ వాహిద్ లారీలకు బాడీలు కట్టే మనిషి. రాజశేఖర్ వాళ్ళ ట్రాక్టర్ తొట్టి ఆయన చేసిందే. డబ్బాను చూసి గడ్డం గోక్కుని, "రెడ్డీ, మనం ఇంతవరకూ ఎద్దులకు, ఎరువులకు కట్టినాం గానీ సంసారానికి కట్టలేదు. సూద్దాం పా" అన్నాడు. ముందు లోపల ఉన్నదంతా పీకించాడు. తర్వాత షెడ్డు గచ్చు మీద సుద్దముక్కతో డబ్బా కొలత గీశాడు. తలుపు ఇక్కడ, కిటికీ ఇక్కడ.

"ఈ గీతల మధ్యన బతికి సూపీండి. యాడ తగులుకుంటారో నేను సూస్తా."

ఎగతాళి చేయడానికే అనుకుంటూ నాగేంద్రమ్మ కూడా అర్చనను వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చింది. గీతల బయట చేతులు కట్టుకుని నిలబడింది. లోపల రాజశేఖర్ లేని మంచమ్మీద పడుకున్నాడు, అర్చన లేని బల్ల దగ్గర ఎక్కాలు చదివింది, రాధిక లేని పొయ్యి మీద దోసె తిప్పింది. ఎంతసేపని చూస్తుంది ఆమె? తనకు చోటెక్కడో కూడా తేలాలి కదా. గబగబా గీత దాటి వచ్చింది.

"అమ్మా, గోడలోంచి వస్తాండావు. తలుపు ఆ పక్కుంది" అన్నాడు వాహిద్.

నాగేంద్రమ్మ నిజంగానే వెనక్కి పోయి, తలుపులోంచి తల వంచుకుని వచ్చింది. షెడ్డులో పనివాళ్ళు నోళ్ళకు చేతులడ్డం పెట్టుకున్నారు. వచ్చినామె గచ్చు మీద నిలువునా పడుకుని, కాళ్ళు చాపి చూసి, "నా మంచం ఇంకో జానెడు కావాల" అంది. ఆ జానెడు అర్చన బల్లలోంచి తీశారు. డబ్బాలో ముందున్న మరుగుదొడ్డి పీకేసిన మూలలో దేవుడి గూడు పెడదామని వాహిద్ అంటే మాత్రం ఆమె లేచి కూర్చుంది.

"ఏందప్పా, దేవున్ని ఆడ పెడతావా? ఆ మూలన గుడ్డలు పెట్టు. దేవుడు ముందర కిటికీ మీద. దారి సూసుకుంటా ఉంటాడు."

ఇక మిగిలింది వంటచోటు. రాధిక ఊపిరి బిగబట్టి, కిటికీ ఉన్న వెనకవైపు గీత మీద కాలుపెట్టి, "పొయ్యి ఈడ" అంది. నాగేంద్రమ్మ నోరు తెరిచింది. పక్కకు వచ్చి నిలబడబోయింది. ఆమె భుజం రాధికకు తగిలింది, కాలు గోడ దాటి బయటపడింది.

"ఈడ ఒకరే పడతారమ్మా" అన్నాడు వాహిద్. "ఎవురు వంట జేస్తాంటే వాళ్ళదే రాజ్యం."

నాగేంద్రమ్మ కోడలిని చూసింది, గీతను చూసింది. కాలు లోపలికి తీసుకుని, "సరే కానీ, బండ మాత్రం కడప బండే వేయాల. రేకు మీద రొట్టె తట్టేది నా వల్ల కాదు" అంది.

ఎండ దిగకుండా గోడల్లో అట్టలు బిగించి, పైన ప్లైవుడ్ కొట్టారు. మంచాల కింద బియ్యానికి, బట్టలకు పెట్టెలు వచ్చాయి. అర్చన బల్ల మడిస్తే గోడకు అతుక్కునేది. రాధిక పొయ్యికి పక్కగా సుత్తి తీసుకుని తన చేత్తోనే ఒక మేకు కొట్టి, గరిటెలు తగిలించింది. చివరకు రంగులు. లారీల పెయింటరుకు లేత నీలం ఒక్కటే చెప్పి పోయారు. తెల్లారి వచ్చి చూస్తే తలుపుకు అటూ ఇటూ చిలకలు, వెనక కిటికీ కింద ఎర్రటి అక్షరాల్లో 'హారన్ కొట్టండి'. చేతికి అలవాటై పడిపోయిందన్నాడు పాపం. తుడిపేస్తానంటే అర్చన ఒప్పుకోలేదు.

తాను చేసిన పని ఎలా నిలబడుతుందో చూసుకోవాలని వాహిద్ కూడా వాళ్ళతో బయల్దేరాడు. ఎర్రగుంట్ల, ముద్దనూరు దాటి ఊరు చేరి, కూల్చిన ఇంటి పక్కన చింతచెట్టు నీడలో డబ్బాను నిలబెట్టారు. మోటరు స్టార్టరు దగ్గర నుంచి కరెంటు లాగారు. గ్యాసు, గ్రైండరు, బియ్యం బస్తా సర్దారు. రాజశేఖర్ ట్రాక్టర్ విప్పేసి ముందుకు తీశాడు. వంటబండ నునుపు చూడమని రాధిక అత్తను పిలిచింది. అత్త వెనక అర్చన. అర్చన వెనక వాహిద్, తన పనిని పొగుడుతుంటే వినడానికి.

అందరూ వెనకవైపే చేరారు. కడప బండ బరువు కూడా వెనకవైపే ఉంది. చక్రాలు చూస్తే నడిమధ్యన. ఇది ఒక్కరికీ తట్టలేదు.

డబ్బా ముక్కు మెల్లగా లేచింది. దేవుడి పటం పైకి, మనుషులు కిందికి. చెంబు దొర్లింది, టమాటాలు దొర్లాయి, అర్చన దొర్లింది. చివరగా నాగేంద్రమ్మ జారుకుంటూ వచ్చి బియ్యం బస్తా మీద సింహాసనమెక్కినట్టు కూర్చుంది. బయట రాజశేఖర్ పరుగెత్తుకొచ్చి ముందు కొక్కేన్ని పట్టుకున్నాడు గానీ, కొక్కెంతోపాటు తనూ లేచి, ఏతం మానుకు వేలాడినట్టు వేలాడాడు.

"ఎవురూ కదలగాకండి" అన్నాడు వాహిద్, గ్రైండరును కావలించుకుని.

"ఆ మాట నా మొగునికి చెప్పన్నా. ఆడ ఊగులాడతాండాడు" అంది రాధిక.

కిటికీలోంచి గాలిలో కొట్టుకుంటున్న కొడుకు కాళ్ళు కనబడ్డాయి నాగేంద్రమ్మకు. ముందు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని రాధిక హడలిపోయింది. ఏడుపు కాదు. నవ్వు. కడుపులోంచి పొంగుకొచ్చి, మాట రానివ్వక, కళ్ళ నీళ్ళు తెప్పించే నవ్వు. "నా కొడుకు... వాడు... గబ్బిలం మాదిరి..." అంటూ కోడలి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదలకుండానే ఇద్దరూ పాకుతూ ముందుకు పోతే, డబ్బా బుద్ధిగా ముక్కు దించుకుంది, రాజశేఖర్ కాళ్ళు నేలకానాయి. పాత ఇంటి రాళ్ళే తెచ్చి వెనక దన్ను పెట్టారు. ఆ తర్వాత అది కదల్లేదు.

కదల్చాల్సి వచ్చింది మాత్రం నాగేంద్రమ్మ వల్లే. పాలు పొంగించేరోజు గుమ్మం పడమరకు ఉందని ఆమె కనిపెట్టింది. ఇల్లయితే చేసేదేమీ లేదు. ఇది ఇల్లు కాదు కదా. ట్రాక్టర్ తగిలించి, తూర్పుకు తిప్పి, పాలు పొంగించారు. ఆ రుచి మరిగింది ఆమె. ఎండ మొహాన కొడితే తిప్పమంది. గాలి రాకపోతే తిప్పమంది. ఎదురింటి శివమ్మతో మాటామాటా వచ్చిన నాడు శివమ్మ వైపు వీపు పెట్టించింది. ఆ వీపు మీద 'హారన్ కొట్టండి' అని ఉండటంతో శివమ్మ కొడుకు వచ్చినప్పుడల్లా, పోయినప్పుడల్లా బండి హారన్ మోగించాడు. రెండో రోజుకు శివమ్మ తనే గోంగూర కట్ట పట్టుకుని వచ్చింది. గుమ్మం మళ్ళీ అటు తిరిగింది.

శ్రావణమాసం వచ్చేసరికి కొత్త ఇంటికి స్లాబు పడింది. రొట్టెలు తట్టే కోడలి పక్కన గుమ్మంలో కూర్చుని నాగేంద్రమ్మ అంది, "శనివారం గండికి పోదాం, ఆంజనేయస్వామి కాడికి."

"బస్సుకు పోదామా, ఆటో మాట్లాడమందామా అత్తా?"

"ఇంటికి చక్రాలు పెట్టుకోని బస్సెందుకమ్మీ?"

రాజశేఖర్ తల పట్టుకున్నాడు. "ఇల్లు తోలుకోని గుడికి పోయేటోల్లను యాడన్నా సూసినావామ్మా?"

"సూల్లేదు. అందుకే పోదాం."

పోయారు. గండిలో ఆంజనేయస్వామి దర్శనానికి వచ్చిన జనం సగంమంది ఆ తర్వాత నీలం ఇంటి దర్శనానికి వచ్చారు. పాపాఘ్ని ఒడ్డున, కొండ నీడలో నిలబెట్టారు దాన్ని. నాగేంద్రమ్మ మెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పినవాళ్ళనే లోపలికి పంపింది. "ఈ వంటచోటు మా కోడలు పెట్టిచ్చింది. కిటికీ కూడా. పాపకు బల్ల సూడు, మడిసేది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. రాధిక కిటికీ కింద టీ కాస్తూ, ఆ మాట విన్న ప్రతిసారీ గరిటెతో అవసరం లేకపోయినా పాలు కలిపింది.

అంతలో ఫోను మోగింది. కొత్త ఇల్లు కడుతున్న ఇమ్రాన్ మేస్త్రీ.

"రెడ్డీ, దొంగలు పడినారు. కమ్మీలు ఉండాయి, సిమెంటు ఉంది. ఇల్లు లేదు."

రాజశేఖర్ చెప్పడం మరిచేపోయాడు. "ఇల్లు మాతోనే ఉందిలే అన్నా. గండికి తెచ్చుకున్నాం" అన్నాడు. ఇమ్రాన్ నిదానంగా, "అయితే వచ్చేటప్పుడు ప్రసాదం తెండి. ఇంతకూ వంటింటి గట్టు ఏ పక్క కట్టాల్నో ఎవురూ చెప్పకపోతిరి. నేనెవుర్ని అడగాల?" అన్నాడు.

రాజశేఖర్ అలవాటుగా ఫోను అమ్మకు అందించబోయాడు. నాగేంద్రమ్మ తల అడ్డంగా ఊపి, గడ్డంతో కిటికీ వైపు చూపించింది. ఫోను చేతులు మారి రాధిక దగ్గరికొచ్చింది.

"తోట పక్క కట్టన్నా" అంది రాధిక. "ఇద్దరు నిలబడేంత వెడల్పుగా కట్టు."

ఫోను పెట్టేసి, పాలు దించి, ఏటి గాలికి కాసేపు అలాగే నిలబడింది. రేపు ఆదివారం, అర్చనకు బడి లేదు. ఇంకొక్క రోజు ఉండిపోదామా అని అత్తను అడుగుదామని వెనక్కి తిరిగింది. నాగేంద్రమ్మ అప్పటికే గిన్నె ముందేసుకుని, పొద్దున ఈ ఏటి ఒడ్డునే పోసుకునే దోసెలకు బియ్యం, మినపపప్పు నానబోస్తోంది.