తాళాల ఇళ్ల ముందు బట్టలు

ఆదివారం వచ్చిందంటే ఆమె బట్టలన్నీ ఉతికి, తాళాలు వేసిన ఇళ్ల ముందు తీగల మీద ఆరేయాలి. అన్నీ తమ ఇంటి పాత చొక్కాలు, దుప్పట్లే. పట్నం నుంచి డబ్బు కట్టి ఊరు చూడటానికి వచ్చేవాళ్లకు అక్కడ మనుషులున్నట్టు కనిపించాలని మొగుడి ఆలోచన. "ఖాళీ అయిపోతున్న ఊరంటే ఎవరొస్తారు? ప్రశాంతమైన ఊరనాలి," అన్నాడు. అనడం ఆయన వంతు, ఉతకడం ఈమె వంతు.

దానికైనా సర్దుకుపోయేది. కడుపు మండేది తోటికోడలిని చూసినప్పుడే. పెళ్లయిన ఏడాదికే పట్నం చేరిన మనిషి, ఆదివారం మొదటి బస్సు దిగి, ఇస్త్రీ నలగకుండా మూతపడ్డ బడి వరండాలో నిలబడి, వచ్చినవాళ్లకు ఊరి కథ చెబుతుంది. నేను చెప్తానని ఒకసారి అడిగితే, "నలుగురిలో నీకు నోరు పెగలదు. వదినైతే ముచ్చటగా చెప్తుంది," అన్నాడు మొగుడు. గిన్నెలతో తప్ప మాట్లాడే మనిషి లేక తన నోరు అలా అయిందేమోననుకుంది. తోటికోడలి గొంతు బాగుంటుంది, అదీ నిజమే. అందుకే ఇంకా అసూయ.

ఆ ఆదివారం బకెట్‌తో బడి పక్కనుంచి వెళ్తుంటే ఆ గొంతు వినిపించింది.

"పిల్లల్లేక బడి మూసేశాక కూడా నేను రోజూ వచ్చి ఈ గది ఊడ్చేదాన్నండీ. మళ్లీ ఎవరైనా వస్తారేమోనని."

ఆమె కాళ్లు ఆగిపోయాయి. ఆ గది ఊడ్చింది తను. నీకేమైనా పిచ్చా అని అత్తగారు తిట్టినా ఊడ్చింది. ఆ సంగతి ఎప్పుడో వంటింట్లో కూర్చుని, అక్క కదా అని ఈ తోటికోడలికే చెప్పుకుంది. తీరిక, మంచి చెప్పులు, తన మొగుడి మెప్పు అన్నీ దానికే. తనకంటూ ఉన్న ఆ ఒక్క ఎదురుచూపునూ పట్టుకుపోయింది.

"ఎదురింట్లో ఎవరుంటారండీ?" వచ్చినవాళ్లలో ఒకావిడ అడిగింది.

"మంచి కుటుంబమండీ. పొలానికెళ్లారు," అంది తోటికోడలు.

ఆమె ఎదురింటి దగ్గరికి నడిచి, తీగ మీది తడి చొక్కాలు ఒక్కొక్కటే తీసి బకెట్‌లో వేసుకుంది. అందరూ ఇటు తిరిగారు. వరండా మెట్ల మీదున్న మొగుడు కళ్లెర్రజేశాడు. ఆమెకు నోరు పెగిలింది.

"ఇందులో ఎవరూ లేరండి. ఇవన్నీ మా ఇంటి బట్టలు. ఈ ఇంటావిడ వెళ్లేరోజు నన్ను పట్టుకుని ఏడ్చింది. రండి, ఏ ఇంట్లోవాళ్లు ఎందుకు వెళ్లారో నేను చెప్తాను."

తోటికోడలు నోరు తెరిచేలోగా బకెట్ తెచ్చి ఆవిడ చేతికిచ్చింది.

"మిగతా ఇళ్ల ముందువి నువ్వు తీసెయ్ అక్కా. ఊళ్లో ఉండేదానివేగా."