కుట్టు బయటికి

పొద్దున పదింటికే మెట్ల కింద ఉడికిపోతోంది. రాత్రిపూట వేసుకునే బట్టలమ్మే ఆ దుకాణంలో ఫ్యాను గాలంతా బేరాలాడేవాళ్లకు పోతుంది, కుట్టుమిషను దాకా రాదు. మాస్టరు ఒక నైటీ అంచు మడిచి కుడుతూ, బట్ట మీంచి చేతులు తీయకుండానే ముఖాన్ని భుజానికేసి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చొక్కాలన్నిటికీ కుడి భుజమే ముందు చిరుగుతుంది.

వేసవి వస్తే జనానికి నిద్ర పట్టదు. మాస్టరుకు జనం పట్టరు. "చల్లగా ఉండేది చూపించండి" అంటారు. వేళ్లతో తడిమి, జారుడుగా ఉన్నదేదో ఎత్తుకుపోతారు. శాటిన్ చేతికి చల్లగానే ఉంటుంది. ఒంటి మీదికి వెళ్లాక గంటలో తడి కాగితంలా అతుక్కుంటుంది. మర్నాడు వెనక్కి తెస్తారు. వాళ్ల ముఖాలు చూస్తే, రాత్రంతా మాస్టరే పక్కన కూచుని మేలుకోబెట్టాడేమో అనిపిస్తుంది.

లెక్కల టీచరు మూడోసారి వచ్చింది. బడికి సెలవులు. ఇంట్లో మంచం పట్టిన అత్తగారు. టీచరు కళ్ల కింద బొగ్గు పూసినట్టుంది.

"ఇదీ వద్దంది మాస్టరుగారూ."

"ఈసారేం వచ్చింది?"

"ఏమొస్తుంది. నిద్ర రాలేదు."

మొదట పట్టుకెళ్లింది శాటిన్. తర్వాత బనీను బట్టలాంటి హోజరీ. అది చెమటంతా పీల్చి గోనెసంచిలా బరువెక్కింది. ఇది కొత్త నూలుది, గంజి వదలనిది. మాస్టరు దాన్ని మిషను మీద పరిచాడు. చెమటపొక్కులకు చల్లిన పౌడరంతా పువ్వులున్న వైపు అంటుకుని ఉంది. లోపలివైపు శుభ్రంగా ఉంది.

"తిరగేసి తొడిగారు. లెక్కలు చెప్పేవారు, లోపలేదో బయటేదో తెలీదా?"

"తెలుసు. ఆవిడే అలా వెయ్యమంది. మీ కుట్టు గీసుకుంటోందట."

"నా కుట్టా?"

"కదల్లేని మనిషండీ. ఎప్పుడూ ఎడమ పక్కకే పడుకుంటుంది. ఆ పక్క కుట్టు ఎంత లావుందో మీరే పట్టుకు చూడండి. సరేనని తిరగేస్తే మీ లేసూ, గుండీలూ లోపలికొచ్చాయి. పన్నెండు రోజులైంది ఇంట్లో ఎవరం కన్ను మూసి. నిన్న ఆవిణ్ణి అనరాని మాట అన్నాను. ఒక్క పూట పడుకోనివ్వండి మాస్టరుగారూ. ఆవిడ పడుకుంటే నేనూ పడుకుంటాను."

మాస్టరు కుట్టు మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి లాగాడు. పోగు లేవకుండా, రెండు వరసలు, మీద అల్లిక. ఎవరైనా తన పనిని మెచ్చుకుంటే లోపలికి తిప్పి ఈ కుట్టే చూపించేవాడు. ఇప్పుడు అది వేలికి తాడులా తగిలింది.

"సాయంత్రం నేనే తెస్తాను. వెళ్లండి."

ఆమె వెళ్లాక కూడా వేలు అక్కడే ఉంది.

భార్య పోయి ఏడాది. ఇరవయ్యారేళ్లు కాపురం చేసింది. వేసవి వస్తే చాలు, ఆయన కుట్టిచ్చిన నైటీని తిరగేసి వేసుకునేది. వేసుకోబోయే ముందు బ్లేడు పెట్టి లేసు ఊడదీసేది, గుండీలు కోసేసేది. అది చూస్తే ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"టైలరు పెళ్లానివి. కుట్టు బయటేసుకుని తిరిగితే నలుగురూ నన్నంటారు."

"రాత్రి నన్ను చూసే నలుగురెవరు?"

"నేను చూట్లేదా?"

"చూస్తే బాగుణ్ణు."

అది ఎత్తిపొడుపు అనుకున్నాడు. తన పనిని చులకన చేయడానికే చేస్తోందనుకున్నాడు. వారంపాటు మాట్లాడేవాడు కాదు. మళ్లీ వేసవికి ఇంకో నైటీ, ఇంకా గట్టి కుట్టుతో. ఇప్పుడు ఆమె మీద మరీ కోపం వచ్చింది. గీసుకుంటోంది అని ఒక్క మాట నోరు తెరిచి చెబితే ఏం పోయేది? పళ్ల బిగువున ఇరవయ్యారు వేసవులు పడుకుంది కానీ చెప్పలేదు. చెప్పిందేమో కూడా. ఇంట్లో కూడా మిషను ఆడుతూనే ఉండేది.

భోజనానికి ఇంటికెళ్లి తిండి ముట్టుకోలేదు. పెట్టె అడుగునుంచి పాత దుప్పటి లాగాడు. ఇద్దరూ పన్నెండేళ్లు పరుచుకున్నది. ఏ రంగుదో దానికే గుర్తు లేదు. ఉతికి ఉతికి చెంపకు ఆనిస్తే నీళ్లలా ఉంది. భార్య పడుకున్న వైపు వెలుతురు కనిపించేంత పల్చబడింది. ఆయన వైపు కాస్త దళసరి. సరిగ్గా రెండు నైటీలకు వస్తుంది. ఒకటి ఉతుకులో ఉంటే ఒకటి ఒంటి మీద.

దుకాణానికి తెచ్చి ముందు ఆమె వైపు కత్తిరించాడు. మెడకు పట్టీ లేదు, గుండీ లేదు, లేసు లేదు. పడుకున్న మనిషికి లేపకుండా తొడగడానికి వీపంతా తెరిచి, పక్కన ముడేసే రెండు పేలికలు. కుట్టు ఒక్కటే వరస, బయటికి. చివరి పోగు తెంపగానే చేతులు వాటంతట అవే నైటీని తిప్పేశాయి, కుట్టు లోపలికి వెళ్లేలా. మాస్టరు తన చేతుల్ని తనే తిట్టుకుని మళ్లీ తిప్పాడు.

యజమాని అటుగా వచ్చి చూశాడు. "ఏంటి మాస్టరూ, చూపు తగ్గిందా? తిరగేసి కుట్టావ్."

"ఇప్పుడే వచ్చింది," అన్నాడు మాస్టరు.

రెండోది ఒక చెయ్యి అతికి, నాలుగున్నర కావడంతో సూది కిందే వదిలేసి బయల్దేరాడు.

టీచరుగారి ఇల్లు రెండు గదులు. కిటికీకి తడి గుడ్డ వేలాడుతోంది. తొడుగుతున్నంతసేపూ మాస్టరు ముందుగదిలో గోడ చూస్తూ నిలబడ్డాడు. పిలిచాక లోపలికెళ్లాడు. పెద్దావిడ మంచంలో పిడికెడు ఉంది. చెంపకు నైటీ చెయ్యి అంచు ఆనించుకుంది.

"ఇది కొత్తది కాదు కదా బాబూ."

"కాదండి."

"హమ్మయ్య. ఎవరిది?"

"మా ఇంట్లోదేనండి."

"కుట్టు ఎక్కడ పోయింది?"

"బయటుందండి."

"మరి ఇన్నాళ్లూ ఈ పని చేయడానికేం రోగం?"

మాస్టరు ముళ్లు సరిచూసి తలెత్తేసరికి టీచరు కుర్చీలో గోడకు తల ఆనించి నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. చేతిలోంచి విసనకర్ర జారుతోంది.

"లేపకు," అంది పెద్దావిడ. "నన్ను తిట్టి తిట్టి అలిసిపోయింది పాపం. తిడుతూనే విసిరింది, పన్నెండు రోజులు." కళ్లు మూసుకుంది. "బావుంది బాబూ."

వెళ్లిపోవాలంటే తలుపు గడియ వేసుకోవడానికి టీచర్ని లేపాలి. మాస్టరు గుమ్మం దగ్గర స్టూలు మీద కూచున్నాడు. పనివాడి చూపు బట్ట మీదే ఉంది. పెద్దావిడ గుండెల మీద ఒక మడత పడింది. అది ఊపిరితో లేస్తోంది, పడుతోంది. లేస్తోంది, పడుతోంది. కొంతసేపటికి లేవలేదు. బట్ట చెమటకు అతుక్కుందనుకున్నాడు. అలాంటి బట్ట కాదది. దగ్గరికెళ్లి ముక్కు కింద వేళ్ల వెనకవైపు పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

కుర్చీలో టీచరు కదల్లేదు. మాస్టరు మళ్లీ వెళ్లి స్టూలు మీద కూచున్నాడు. ఎప్పుడు లేపినా చెప్పాల్సిన కబురు ఇదే. గోడ గడియారంలో పావుగంట గడవనిచ్చి అప్పుడు పిలిచాడు.

"అమ్మా."

ఆమె ఉలిక్కిపడి మంచం వైపు చూసింది. "నిద్రపోయిందా?"

"పోయిందమ్మా."

ఆమె ఆయన ముఖం చూసి, విసనకర్ర తీసుకుని, మంచం పక్కన కూలబడింది. అలవాటుగా రెండుసార్లు విసిరింది. తర్వాత ఆపింది. మాస్టరు వెళ్లి పక్కింటివాళ్లను పిలుచుకొచ్చి, గది నిండాక బయటికొచ్చేశాడు.

దుకాణానికి చేరేసరికి యజమాని షట్టరు సగం దించాడు.

"పెద్దావిడకి సరిపోయిందా?"

"సరిపోయింది. పోయింది."

యజమాని షట్టరు వదిలి మెట్ల కిందికి చూపించాడు. "మరి ఈ రెండోది ఇంకెవరికి?"

"మా ఆవిడకి," అన్నాడు మాస్టరు.

ఏడాది కిందట ఆవిడ పాడె మోసిన మనిషి యజమాని. లైటు ఆర్పబోయిన చెయ్యి ఆగిపోయింది. మాస్టరు షట్టరు కింద వంగి వీధిలోకి వెళ్లిపోయాడు.

మిషను మీద, సూది గుచ్చుకుని ఉన్నచోటే, దుప్పటిలో ఆయన పడుకున్న వైపు ముక్కతో కుట్టిన ఒంటిచేతి నైటీ ఉంది, కుట్టు బయటికి.