వదిన పిలిచిన ఈగలు

“వదినా, నా టీలో ఈగ పడిందంటే ఆ పాపం నీదే!”

టీకొట్టు మరదలు గరిటె పట్టుకుని గట్టు మీదకొచ్చి అరిచింది. కొట్టు వెనకే వదిన ఉల్లితోట. విత్తనం కోసం వేసింది. నడుమెత్తు కాడల మీద తెల్లటి పూబంతులు విచ్చుకున్నాయి. నాలుగు మూలలా కర్రలకు చేపల తలలు, పేగులు మూటలుగా వేలాడుతున్నాయి. ఆ కంపుకు ఊళ్లో ఈగలన్నీ అక్కడే చేరాయి.

“పడితే పడనీ. నీ నీళ్లటీకి అదైనా కాస్త రుచి,” అంది వదిన, ముక్కుకు గుడ్డ కట్టుకుని మరో మూట బిగిస్తూ.

“వేళాకోళం కాదు. పొద్దున్నుంచి ముగ్గురు తాగకుండా లేచిపోయారు. ముందా మూటలు తీసెయ్.”

వదిన నవ్వు ఆగిపోయింది. కిందటేడు పురుగన్నది వాలకూడదని తోటంతా సన్నటి వలతో కప్పింది ఆవిడే. పూలు విరగబూశాయి. తీరా ఎండిన బంతులు నలిపి, అరచేతిలో పోసుకుని ఊదితే అంతా ఎగిరిపోయింది. తాలు! ఈసారీ తాలైతే పొలం ఇంకొకరికి కౌలుకిస్తానని ఆసామి తెగేసి చెప్పాడు.

“ఈగ ఈ పువ్వు మీంచి ఆ పువ్వు మీదకి పోతేనే గింజ కడుతుందే. గింజ లేకపోతే కూలీలెందుకొస్తారు? బస్తాలకు బండెందుకొస్తుంది? నీ బల్ల మీద ఎవరు కూర్చుంటారు, నువ్వూ నేనూనా?”

మరదలు మూతి ముడిచింది. అయినా వంగి చూసింది. పచ్చగా మెరిసే ఈగ పూబంతి మీద తిరుగుతోంది, వీపంతా పుప్పొడి. పక్కనే ఓ తేనెటీగ.

“ఇది కూడా చేపల కంపుకేనా?”

“దానికోసం కాలవగట్టు మీద పిచ్చిమొక్కలు పీకకుండా పూయనిచ్చా. మీ అన్నయ్య నాది బద్ధకమంటున్నాడు.”

“బద్ధకం సంగతి అన్నయ్యకే తెలియాలి. అవునూ, కిందటేడు కప్పిన ఆ వలేం చేశావ్?”

సాయంత్రానికి వల టీకొట్టు ముందు తెరై దిగింది. మూటలు అవతలి గట్టుకు జరిగాయి.

కాడలు ఎండాక వదిన ఒక బంతి నలిపింది. ఊదే ధైర్యం చాల్లేదు. అరచెయ్యి చాపి, “నువ్వూదవే,” అంది.

“ఎగిరిపోతే నన్నంటావు.” మరదలు కళ్లు మూసుకుని ఉఫ్‌మని ఊదింది.

పొట్టు పోయింది. నల్లటి గింజలు కదల్లేదు.

వదిన గుప్పిట మూసేసింది. “టీ పెట్టవే,” అంది.

“ఈగ వేసా, వెయ్యకుండానా?”