మనది అన్నందుకు

మొలకెత్తిన చేను మీద గొలుసు ఈడ్చుకుంటూ సర్వేవాళ్లు పోతున్నారు. వాళ్ల వెనకే క్వారీ కాంట్రాక్టరు మనుషులు హద్దురాళ్లు పాతుతున్నారు. చంకలో బిడ్డతో నేను గట్టు మీదే బిగుసుకుపోయాను.

"ఎవర్నడిగి పాతుతున్నారయ్యా?" పెద్దమ్మ అడ్డం వెళ్లింది. మా కొండ సభకు ఆమే పెద్ద. తాతల కాలం నుంచీ ఇక్కడ ఏ చేనూ ఒకరిది కాదు. ఎవరెక్కడ దున్నాలో సభే చెబుతుంది.

వాళ్లతో వచ్చిన రెవెన్యూ ఆఫీసరు కాగితం ఊపాడు. "నువ్వే ఒప్పుకున్నావుగా ముసలమ్మా! ఇదిగో నీ వేలిముద్ర."

అయిదో తరగతిలో ఆగిన చదువు నాది. కూడబలుక్కుంటూ పైకి చదివాను. 'ఈ కొండ మనది అని సభ పెద్ద అధికారితో అన్నది. కాబట్టి ప్రభుత్వానికీ హక్కున్నట్టు ఒప్పుకున్నది.'

"ఊరి లెక్కలకని మొన్న వేలిముద్ర వేయించుకుంది దీనికా!" అంది పెద్దమ్మ. గడప తొక్కిన ఎవరికైనా "మన ఇల్లే, కూర్చో" అంటాం. ఆ మర్యాదే మా మెడకు చుట్టుకుంది.

వెంటనే సభ కూడింది. మా ఆయన లేచాడు. "మిగతా కొండ క్వారీకి వదిలేస్తే, ఎవరి చేను వాళ్ల పేరున పట్టా ఇస్తానంటున్నాడు ఆఫీసరు. తీసుకుంటే పోలా?"

"తీసుకో బావా," అన్నాడు బక్కోడు. "మరి అందరం నీళ్లు తాగే ఊట ఎవరి పేరున రాయిస్తావు? మీ అత్త పేరునా?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బిడ్డకింత నేల దక్కితే చాలని నాకూ ఉంది, దాచడమెందుకు? కానీ క్వారీ పేలుళ్లకు ఊట ఇంకిపోతే ఆ పట్టా నానబెట్టుకుని తాగుతామా? ఆ మాటే పైకి అనేశాను. మా ఆయన తల దించుకున్నాడు.

"రాయవే పిల్లా," అంది పెద్దమ్మ. "మనది కాదు. మాది అని రాయి. సభ ఒప్పుకోకుండా ఎవడూ అడుగు పెట్టకూడదని రాయి."

ఒక్కో అక్షరం పైకి పలుక్కుంటూ రాశాను. అందరూ వేలిముద్రలు వేశారు.

మర్నాడు పొద్దున్నే సభ కూడిన చోటికి పోలీసు జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఆ ఆఫీసరే మా కాగితం చూశాడు. "మాది అంటే ఎవరిది? ఒక్క పేరు చెప్పండి."

"ఒక్క పేరు లేదు బాబూ. అందరిదీ," అంది పెద్దమ్మ.

"పెద్దవి నువ్వేగా, ఎక్కు."

ఆమెను జీపెక్కించారు. "పెద్ద పోయింది, ఇంక సభ లేదు. ఇళ్లకు పొండి!" అని అరిచాడు.

ఒక్కరూ కదల్లేదు. బిడ్డను మా ఆయన చేతుల్లో పెట్టి, పెద్దమ్మ కూర్చునే చోట కూర్చున్నాను.

"సభ నడుస్తోంది," అన్నాను. "ఎవరు మాట్లాడతారు?"

అందరూ ఒక్కసారే లేచారు.