రెండు సెకన్ల సాయం

ముందే ఒప్పేసుకుంటున్నాను. అరవై రెండేళ్ల ఒక ఆవిడ నోరు మూడు వారాల పాటు మూయించింది నేనే. పైగా దానికి నేను పెట్టిన పేరు "సాయం".

మా ల్యాబ్ బెంగళూరు మహదేవపురలో ఉంది. చదువుకోని పెద్దవాళ్లకు తెలుగు చదవడం నేర్పే యాప్ మీద పరిశోధన చేస్తాం. ట్యాబ్‌లో ఒక వాక్యం వస్తుంది, మీరు పైకి చదువుతారు, యాప్ వింటుంది. సరిగ్గా చదివిన మాట పచ్చగా మారుతుంది. మీరు ఆగిపోతే ఆ మాటను అదే పలికి వినిపిస్తుంది. ఎంతసేపు ఆగితే "రాదు" అనుకోవాలి? ఆ అంకె నేను పెట్టిందే. రెండు సెకన్లు. ఆఫీసు క్యాంటీన్‌లో పన్నెండు మంది ఇంజనీర్ల చేత చదివించి మరీ తేల్చాను. ఒక్కరూ సెకను కూడా ఆగలేదు. మారతహళ్ళి ట్రాఫిక్‌లో గంటన్నర ఆగి వచ్చినవాళ్లు, చదివేటప్పుడు కూడా ఆగుతారా?

యాప్‌ని పరీక్షించేది కుందలహళ్ళిలో, ఒక టిఫిన్ సెంటర్ పైగదిలో. మంగళ, గురువారాల్లో మధ్యాహ్నం క్లాసు. అక్షరాలు దిద్దడం అయిపోయినవాళ్లే ఇందులోకి వస్తారు. సొన్నమ్మగారు అక్కడే పరిచయం. ముప్పై ఏళ్లు పట్టుమగ్గం మీద నేసిన మనిషి. ఎందుకు చేరారని మొదటిరోజే అడిగాను.

"మా భజన మండలిలో శనివారం శనివారం ఒకరు పుస్తకంలో ఒక పుట చదవాలప్పా. నా వంతు వస్తే, అద్దాలు మరిచిపోయినానని పక్కన గౌరమ్మకు ఇచ్చేస్తా. పదకొండేండ్లుగా ఇదే కత."

"పదకొండేళ్లుగా అద్దాలు మర్చిపోతున్నారా ఆంటీ?"

"నాకు అద్దాలే లేవు పాపా. కండ్లు బాగుండాయి."

ఆవిడ వంతు మళ్లీ నెలాఖరు శనివారం. ఈసారి పుస్తకం పక్కకు ఇవ్వకూడదని పట్టుదల.

మూడో వారానికి ఆవిడ ఖాతాలో పచ్చబడిన మాటలు సున్నా. ప్రతి మాటా యాప్ చెప్పిందే. పాత బెంగళూరు తెలుగు యాప్‌కి అర్థం కావట్లేదేమో అనుకుని, ఆ యాసలో మాట్లాడేవాళ్ల దగ్గర గంటల కొద్దీ రికార్డు చేసుకొచ్చి దానికి నేర్పించాను. అయినా సున్నాయే.

"ఆవిడ డేటా పక్కన పెట్టేయ్. ఫ్రైడే డెమో ఉంది, గ్రాఫ్ పాడవుతోంది," అన్నాడు మా టీమ్ లీడ్ సుధీర్.

నిజం చెప్పాలంటే, సగం పక్కన పెట్టేశాను కూడా.

డెమోకి ముందురోజు గురువారం. సొన్నమ్మగారు ట్యాబ్‌ని నావైపు తోసేశారు.

"ఇది వద్దప్పా నాకు. ఎల్లుండి పుస్తకం గౌరమ్మకే ఇచ్చేస్తా."

"ఇంకొక్కసారి చూద్దాం ఆంటీ."

"ఎన్నిసార్లు చూసినా అంతే. ఇది నన్ను నోరు తెరవనీదు. అచ్చం మా అత్త."

ఏం చెయ్యాలో తోచక, అదే వాక్యం ప్రింట్ చేసిన కాగితం ఇచ్చాను. ఆవిడ వరుస కింద వేలు పెట్టారు. పెదవులు కదిలాయి, శబ్దం లేదు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. తొమ్మిది సెకన్లు. తర్వాత తల ఎత్తి ఒక్క ఊపులో చదివేశారు: "కమలమ్మ సంతలో మల్లెపూలు కొన్నది."

"ముందు లోపల చదువుకుంటారా?"

"మరి? వరుసంతా చూసుకోకుండా మగ్గంలో పోగు నేసే నాడె ఇసిరితే ఏమైతాది? ఒక్క పోగు తప్పితే చీరంతా తెలిసిపోతాది. విప్పేలోగా పొద్దు గూకుతాది. చూసుకున్నాకే చెయ్యి ఆడాల."

ఆ తొమ్మిది సెకన్లలో మా యాప్ వాక్యంలోని నాలుగు మాటలూ చెప్పేసి, ఈవిడకి నాలుగూ రావని రాసుకునేది. మూడు వారాలుగా జరిగింది అదే.

"మీకు చదవడం వచ్చేసింది ఆంటీ."

"నాకు తెలిసిపోయింది. మీ మిషిన్‌కే తెలీదు."

ఆ సాయంత్రమే సుధీర్‌కి చెప్పేశాను. తప్పు ఆవిడది కాదు, యాసదీ కాదు, నా అంకెదని. రెండు సెకన్లు తీసేసి ఒక బటన్ పెట్టాను. నొక్కితేనే సాయం. శుక్రవారం డెమోలో, ముందురోజు క్లాసులో ఫోన్‌తో తీసుకున్న సొన్నమ్మగారి వీడియో వేశాం. ఆ తొమ్మిది సెకన్ల నిశ్శబ్దం చూసి, ముందు వరుసలో కూర్చున్న ఒక ప్రొఫెసర్ లేచి, "వీడియో హ్యాంగ్ అయినట్టుంది," అన్నారు. సుధీర్ నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

శనివారం భజనకి నన్నూ పిలిచారు. పుస్తకం సొన్నమ్మగారి చేతికి వచ్చింది. వేలు పెట్టారు. నిశ్శబ్దం. మూడు సెకన్లకే గౌరమ్మగారు చెయ్యి చాచారు.

"అద్దాలు తేలేదా? ఇట్టియ్యి."

"స్వల్ప సుమ్మనుండు గౌరమ్మా."

కాస్త ఊరుకోమనేసరికి ఆ చెయ్యి వెనక్కి వెళ్లింది. నేను లెక్కపెట్టడం మానేశాను. కాసేపటికి మొదటి వరుస వినిపించింది, తడబాటు లేకుండా. పుట పూర్తయ్యేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, ప్రసాదం పులిహోర చల్లారిపోయింది. ఎవరూ మధ్యలో మాట అందించలేదు.

"అద్దాలు ఎప్పుడు చేయించుకుంటివే?" అని గౌరమ్మగారు అడిగారు.

"ఇంకా లేదు," అని సొన్నమ్మగారు విస్తరాకు అందుకున్నారు.

మీరు నోరు తెరిచేలోపే మాట అందించేసిన టీచరో, అత్తగారో, మేనేజరో మీకూ ఉండే ఉంటారు. లేదంటే నాలాగా అందించింది మీరేనా? ఏదైనా సరే, కింద రాయండి. వరుసంతా చూసుకుని నిదానంగానే రాయండి, నేనెక్కడికీ పోను.